ఉద్యోగం చేస్తూ చదువుకునేవారు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని వాడుకునే పద్ధతి

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల వేళలూ నియమాలూ చాలావరకు హాస్టల్లో ఉండి రోజూ తరగతికి వచ్చే విద్యార్థిని దృష్టిలో పెట్టుకొని ఏర్పడినవి. సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచో బడి నుంచో బయటపడి, ఇంటిపని ముగించుకొని, రాత్రి పది దాటాక ఎం.ఏ. పాఠమో పరిశోధన వ్యాసమో ముందేసుకునేవారికి ఆ గ్రంథాలయం నెలకు ఒకటి రెండుసార్లు, అదీ రెండు మూడు గంటలపాటే అందుతుంది. ఈ వ్యాసం అటువంటి వారికోసం. ఇందులోని సూచనలన్నీ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి: గ్రంథాలయానికి వెళ్తే తప్ప జరగని పనిని మాత్రమే అక్కడ చేయాలి, తక్కినదంతా ఇంట్లోనో బస్సులోనో భోజన విరామంలోనో ముగించుకొని వెళ్లాలి.

ఇలా చదివేవారు మన దగ్గర కొత్తేమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే ఏర్పడింది, 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, ఉస్మానియా, ఆంధ్ర వంటి పాత విశ్వవిద్యాలయాలూ దూరవిద్య కేంద్రాలు నడుపుతున్నాయి. అయితే దూరవిద్యలో చేరినవారికి పాఠ్యపుస్తకాల కట్ట చేతికి అందడంతో చదవవలసినదంతా అందులోనే ఉందన్న భావన ఏర్పడుతుంది. ఆ పుస్తకాల్లో ప్రతి పాఠం చివర చదవదగిన గ్రంథాల పట్టిక ఒకటి ఉంటుంది. చాలామంది ఆ పేజీ తిప్పేసి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతారు. నిజానికి గ్రంథాలయంలో మీ పని మొదలయ్యేది ఆ పేజీ దగ్గరే.

చేరిన వారంలోనే తేల్చుకోవలసినవి

ప్రవేశం పొందిన మొదటి వారంలోనే, అంటే ఇంకా ఏ పుస్తకం అవసరమూ పడకముందే, గ్రంథాలయానికి ఒకసారి ఫోన్ చేయండి లేదా వెళ్లి రండి. సభ్యత్వ కార్డుకు ఫీజు రసీదు, గుర్తింపు కార్డు, ఫోటోలతోపాటు డిపాజిట్ ఏమైనా కట్టాలా అన్నది అడగాలి. దూరవిద్య విద్యార్థులకు పుస్తకాలు ఇంటికి ఇస్తారా, లేక అక్కడే కూర్చొని చదువుకోనిస్తారా అన్నది తప్పనిసరిగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ నియమం ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో విధంగా ఉంటుంది. ఇంటికి ఇవ్వరని తెలిస్తే నిరాశపడనక్కర లేదు, మీ పని ప్రణాళిక మారుతుందంతే. ఆదివారాలు తెరుస్తారా, తెరిస్తే పుస్తకాలిచ్చే కౌంటర్ కూడా పనిచేస్తుందా లేక చదువుకునే గది మాత్రమే తెరిచి ఉంటుందా అన్నది వేరుగా అడగండి. తలుపులు తీసి ఉన్నాయి కదా అని వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వెళ్తే, కౌంటర్ మూసి ఉండి ఒట్టి చేతులతో తిరిగి రావలసి రావచ్చు.

మీ అధ్యయన కేంద్రం ఏదైనా డిగ్రీ కళాశాలలో నడుస్తుంటే, ఆ కళాశాల గ్రంథాలయంలో మీకు ప్రవేశం ఉందేమో కూడా కనుక్కోండి. విశ్వవిద్యాలయం దూరమైనా ఆ కళాశాల మీ ఊరికి దగ్గరలోనే ఉంటుంది, ఆదివారం తరగతులకు ఎలాగూ అక్కడికే వెళ్తారు.

మరొక చిన్న సంగతి. చాలా గ్రంథాలయాల్లో సంచిని గుమ్మం దగ్గరి కౌంటర్‌లో వదిలి వెళ్లాలి. కాబట్టి విడి కాగితాలు, కలం, ఫోన్, ఛార్జర్ చేతిలో పట్టుకొని వెళ్లేలా సర్దుకోండి.

ఇంటి నుంచే కాటలాగ్ చూడడం

పూర్వం గ్రంథాలయంలో అడుగుపెట్టగానే చిన్న చిన్న సొరుగుల్లో కార్డులు వెతికేవారు. ఇప్పుడు ఆ కార్డుల పనిని కంప్యూటర్ కాటలాగ్ చేస్తోంది. దాన్ని గ్రంథాలయ సిబ్బంది ఓపాక్ అని పిలుస్తారు, చాలాచోట్ల అది కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో గ్రంథాలయ విభాగం తెరిస్తే దాని లంకె కనిపిస్తుంది, ఫోన్‌లోనూ పనిచేస్తుంది. పుస్తకం పేరు, రచయిత, విషయం అనే మూడు దారుల్లో వెతకవచ్చు. దొరికిన పుస్తకం ప్రస్తుతం గ్రంథాలయంలో ఉందా, ఎవరైనా తీసుకెళ్లారా అన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. వర్గ సంఖ్యతో (పుస్తకం ఏ ర్యాకులో ఉందో చెప్పే సంఖ్య) సహా ఆ తెరను ఫోటో తీసి పెట్టుకుంటే, వెళ్లిన రోజు నేరుగా ర్యాకు దగ్గరికి నడవవచ్చు.

తెలుగు పుస్తకాల విషయంలో మాత్రం కాటలాగ్ చాలా ఓపికను కోరుతుంది. తెలుగు పేర్లను కొన్ని గ్రంథాలయాలు తెలుగు లిపిలో, కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు చేశాయి, కొన్నిచోట్ల రెండు రకాలూ కలిసి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ఒకే మాటకు నాలుగైదు రూపాలు వస్తాయి. ‘చరిత్ర’లోని ‘త్ర’ను ఒకరు టీ, ఆర్ అని రాస్తే మరొకరు మధ్యలో హెచ్ చేరుస్తారు. ‘సాహిత్యం’ చివర ఒకరు ఎమ్ పెడతారు, ఇంకొకరు దాన్ని ‘సాహిత్యము’గా మార్చి యూ కూడా జత చేస్తారు. దీర్ఘాలను రెండు ఏలతో రాసేవారూ ఉన్నారు, ఒక్కదానితో సరిపెట్టేవారూ ఉన్నారు. అందువల్ల తెలుగు పుస్తకం ఒక్కసారి వెతికి దొరకలేదంటే లేదని నమ్మకండి. మొదట తెలుగు లిపిలో, తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు వర్ణక్రమాలతో, చివరికి రచయిత ఇంటిపేరుతో వెతకండి. మాట మొదటి నాలుగు అక్షరాలు రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే, ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నిటినీ చాలా కాటలాగ్‌లు చూపిస్తాయి, ఈ చిక్కుకు అదే మంచి ఉపాయం. ఇంత చేసినా కనబడని పాత పుస్తకాలు ర్యాకుల మీద ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే పాత నిల్వలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కకుండా మిగిలిపోయిన గ్రంథాలయాలు లేకపోలేదు.

తెలుగు మాధ్యమంలో చదివేవారికి మరో ఇబ్బంది ఉంది. పాఠ్యపుస్తకంలో ‘ద్రవ్యోల్బణం’ అని చదువుకున్నవారు ఆ మాటతో వెతికితే దొరికేది చాలా కొద్ది. అదే భావానికి ఇంగ్లీషు మాట ‘ఇన్‌ఫ్లేషన్’ అని తెలిస్తే వందల పుస్తకాలు, వ్యాసాలు బయటపడతాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆయా శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలు ప్రచురించింది. మీ శాస్త్రానికి చెందిన పదకోశం రిఫరెన్స్ విభాగంలో ఉంటే, మొదటిసారి వెళ్లినప్పుడే మీ పాఠ్యాంశాల్లోని ముఖ్యమైన యాభై మాటలకు ఇంగ్లీషు రూపాలు రాసి తెచ్చుకోండి. ఆ ఒక్క కాగితం కోర్సు పూర్తయ్యేదాకా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ: పొదుపు సంఘాల మీద అసైన్‌మెంట్

మాటల ఎంపిక ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం. మహిళా పొదుపు సంఘాల మీద రాయాలని ఒక ఉపాధ్యాయిని అనుకున్నారనుకోండి. ఊళ్లో అందరూ వాటిని డ్వాక్రా సంఘాలనే అంటారు. ఆ పేరు 1982లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకానిది. పథకం పోయినా పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది. ప్రభుత్వ పత్రాల్లో అవి స్వయం సహాయక సంఘాలు. పరిశోధన వ్యాసాల్లో సెల్ఫ్ హెల్ప్ గ్రూప్స్ అని, అప్పుల కోణంలో రాసేవారు మైక్రోఫైనాన్స్ అని, స్త్రీల స్థితిగతుల కోణంలో రాసేవారు ఉమెన్ ఎంపవర్‌మెంట్ అని వాడతారు. ఈ మాటల్లో ఒక్కదానితోనే వెతికితే, తక్కిన మాటలతో రాసినవి మీ కంట పడవు. అందుకే వెతకడానికి కూర్చునే ముందు ఒకే విషయానికి ఉన్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి.

తర్వాత చేయవలసింది విషయాన్ని కుదించడం. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు అయిన నాబార్డు ఈ సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమాన్ని 1992లో మొదలుపెట్టింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను అదుపు చేయడానికి ఆర్డినెన్స్ తెచ్చింది. ఈ రెండు మైలురాళ్లు తెలిస్తే, ‘పొదుపు సంఘాలు’ అనే సముద్రం లోంచి ‘2010 తర్వాత సంఘాలకు బ్యాంకు రుణాలు’ అనే చిన్న చెరువులోకి రావచ్చు. ఇటువంటి మైలురాళ్లు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంటాయి, వాటిని వెతుకులాటకు హద్దులుగా వాడుకోవాలన్న ఆలోచనే సాధారణంగా తట్టదు. వెతికేటప్పుడు కలిసే ఉండవలసిన మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ప్రచురణ సంవత్సరాన్ని 2011 నుంచి పరిమితం చేయండి. వెయ్యి ఫలితాలు వస్తే మీ ప్రశ్న ఇంకా వదులుగా ఉందని, ఏమీ రాకపోతే మరీ బిగిసిందని అర్థం చేసుకోండి.

ర్యాకుల మధ్య

చాలా గ్రంథాలయాలు పుస్తకాలను విషయానికొక సంఖ్య ఇచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో అమరుస్తాయి. పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీలో పైన ఒక సంఖ్య, దాని కింద రచయిత పేరులోని మొదటి మూడు అక్షరాలు ఉంటాయి. విద్య 370, రాజనీతి 320, అర్థశాస్త్రం 330, నిర్వహణ శాస్త్రం 658, భారతదేశ చరిత్ర 954 కింద వస్తాయి. తెలుగు భాష 494.827, తెలుగు సాహిత్యం 894.827. చుక్క తర్వాతి అంకెలను మామూలు సంఖ్యల్లా కాక ఒక్కొక్క అంకెగా పోల్చాలి. కాబట్టి 330.954 ఉన్న పుస్తకం 330.96 కంటే ముందే ఉంటుంది. తొమ్మిది వందల యాభై నాలుగు తొంభై ఆరు కంటే పెద్దది కదా అని ముందుకు నడిచినవారు పుస్తకం లేదనుకొని వెనక్కి వస్తారు.

పొదుపు సంఘాల ఉదాహరణకే తిరిగి వస్తే, ఆ పుస్తకాలన్నీ ఒక్కచోట ఉండవు. స్త్రీల గురించినవి 305.4లో, గ్రామీణాభివృద్ధి గురించినవి 307.14 దగ్గర, రుణాల గురించినవి 332.7లో, సహకార సంస్థల గురించినవి 334లో ఉంటాయి. కాటలాగ్‌లో దొరికిన మూడు నాలుగు పుస్తకాల సంఖ్యలు చూస్తే మీరు తిరగవలసిన ర్యాకులేవో తెలుస్తుంది. అక్కడికి వెళ్లాక మీకు కావలసిన పుస్తకంతో సరిపెట్టుకోకుండా దానికి అటూ ఇటూ ఉన్నవాటి విషయసూచికలు కూడా తిరగేయండి. ఇది ఫోన్‌లో జరిగే పని కాదు, మీరు పడిన ప్రయాణం దీనికోసమే. ఒక పుస్తకానికి ఐదు నిమిషాలు చాలు: ముందు విషయసూచిక, తర్వాత చివరి పదసూచిక, ఆ పైన మీకు కావలసిన అధ్యాయంలో మొదటి, చివరి పేజీలు. పనికిరాదనిపిస్తే పక్కన పెట్టండి, కానీ మీకు తోచిన ర్యాకులో దూర్చకండి. చూసిన పుస్తకాలను బల్ల మీదే వదలమని అందుకే అంటారు. తప్పుచోట దూర్చిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం.

పరిశోధన చేసేవారు రిఫరెన్స్ విభాగాన్నీ, బైండింగ్ చేసిన పాత పత్రికలున్న గదినీ వదలకూడదు. జిల్లా గెజిటీర్లు, జనాభా లెక్కల పుస్తకాలు, ప్రభుత్వ నివేదికలు సాధారణంగా ఇంటికి ఇవ్వరు కాబట్టి గ్రంథాలయంలో మీకున్న కొద్ది సమయాన్నీ ముందుగా వీటికే కేటాయించాలి. ఇంటికి తీసుకెళ్లగలిగిన పుస్తకాన్ని అక్కడే కూర్చొని చదవడం ఆ సమయాన్ని పాడుచేసుకోవడమే.

అడగడానికి మొహమాటపడడం

పాతికేళ్ల కుర్రవాళ్లు నిండిన గదిలో నలభై ఐదేళ్ల వయసులో కౌంటర్ దగ్గరికి వెళ్లి ‘ఇది ఎలా వెతకాలి’ అని అడగడం చాలామందికి చిన్నతనంగా ఉంటుంది. ఆఫీసులో పదిమందికి పని చెప్పేవారికి ఇది మరీ కష్టం. కానీ మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమని గ్రంథాలయానికే చెబుతుంది. అంటే మీరు అడగడం సిబ్బందికి అదనపు భారం కాదు, వారి ఉద్యోగ ధర్మంలోనిదే.

అడిగే తీరును బట్టి దొరికే సాయం మారుతుంది. ‘పొదుపు సంఘాల మీద పుస్తకం ఉందా అండీ’ అంటే ‘అటు వెళ్లి చూడండి’ అన్న జవాబు వస్తుంది. ‘మేడం, 2010 తర్వాత పొదుపు సంఘాలకు బ్యాంకు రుణాల మీద అసైన్‌మెంట్ రాస్తున్నాను. కాటలాగ్‌లో ఈ మూడు దొరికాయి, కానీ ఇవన్నీ పాతవి. లెక్కలున్న కొత్త నివేదికలు ఎక్కడ చూడాలి’ అంటే వారు లేచి వచ్చి చూపిస్తారు. మీరు ఏం రాస్తున్నారు, ఇంతవరకు ఏం చూశారు, ఎప్పటిలోగా కావాలి అన్న మూడూ ఒక చీటీ మీద రాసుకొని వెళ్తే మాట తడబడదు. ముందురోజు ఆ చీటీలోని విషయాన్నే మెయిల్ చేయగలిగితే ఇంకా మేలు. ఉదయం కౌంటర్ తెరిచిన మొదటి గంటలో రద్దీ తక్కువగా ఉంటుంది, ఇటువంటి సంభాషణలకు అది అనువైన సమయం.

ఇంట్లోంచే అందేవి

విశ్వవిద్యాలయం డబ్బు కట్టి తెప్పించే పరిశోధన పత్రికలను క్యాంపస్ బయటినుంచి చదవాలంటే లాగిన్ కావాలి. దూరవిద్య విద్యార్థులకు ఆ లాగిన్ దానంతటది రాకపోవచ్చు కాబట్టి గ్రంథాలయాన్ని అడిగి తీసుకోవాలి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం, ఒకే చందా’ అనే పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని ఉన్నత విద్యాసంస్థలకు అందించడం దీని ఉద్దేశం. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడిపిస్తోంది. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే, ఈ పథకం కింద మీకు లాగిన్ ఇస్తారా అన్న ప్రశ్నను పేరుతో సహా అడగండి. పేరు చెప్పి అడిగిన ప్రశ్నకు సూటి జవాబు వస్తుంది.

లాగిన్ లేకున్నా అందేవి తక్కువేమీ కాదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అధ్యాయాల వారీగా ఉచితంగా దొరుకుతాయి, వాటిలో తెలుగులో రాసినవీ ఉన్నాయి. వాటి నాణ్యత ఒక్క తీరుగా ఉండదన్నది నిజమే. అయినా మీ విషయానికి దగ్గరగా ఉన్న సిద్ధాంత గ్రంథంలో పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయాన్ని, చివరి గ్రంథసూచిని చదివితే, ఎవరెవరు ఏం రాశారన్నది ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలు ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉన్నాయి, వేరే విశ్వవిద్యాలయంలో చదివేవారికీ అవి పనికొస్తాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆధ్వర్యంలోని జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెద్దసంఖ్యలో ఉన్నాయి. అయితే అవి చాలావరకు పేజీల బొమ్మలు కాబట్టి లోపలి మాటలను వెతకడం చాలాసార్లు కుదరదు, అప్పుడు విషయసూచిక చూసి పేజీకి వెళ్లవలసిందే. గూగుల్ స్కాలర్‌లో ఒక వ్యాసం డబ్బడిగితే, దాని కింద ఉన్న ‘అన్ని వెర్షన్లు’ అన్న లంకె నొక్కి చూడండి, అదే వ్యాసాన్ని రచయిత మరోచోట ఉచితంగా పెట్టి ఉండవచ్చు.

రాసుకోవడం, జెరాక్స్ తీయించుకోవడం

ఫోన్ కెమెరా వచ్చాక చాలామంది ముందు పేజీల ఫోటోలు తీసి చదవడం తర్వాతికి వదిలేస్తున్నారు. రెండు నెలల తర్వాత గ్యాలరీలో నూట యాభై పేజీలుంటాయి, అవి ఏ పుస్తకంలోవో తెలియదు. ఫోటో తీయడానికి అనుమతి ఉన్నచోట మొదట పుస్తకం పేరున్న పేజీనీ, దాని వెనక ప్రచురణ వివరాలున్న పేజీనీ తీసి, ఆ తర్వాతే లోపలి పేజీలు తీయాలి. ఇదొక్కటి అలవాటైతే ప్రాజెక్టు చివర గ్రంథసూచి రాసేటప్పుడు మళ్లీ ఆ గ్రంథాలయానికి పరుగెత్తే పని తప్పుతుంది. కంప్యూటర్ వాడేవారు జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ వివరాలు దాచుకోవచ్చు, లేదంటే ఒక నోటుపుస్తకం చాలు. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ సొంత అధ్యయనానికీ పరిశోధనకూ న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. ఒక అధ్యాయం జెరాక్స్ తీయించుకోవడం వేరు, పుస్తకం మొత్తం తీయించి బైండు చేయించుకోవడం వేరు.

ఇతరుల వాక్యాన్ని యథాతథంగా రాసుకున్నప్పుడు అక్కడికక్కడే కొటేషన్ గుర్తులు, పేజీ సంఖ్య వేయండి. నెల తర్వాత ఆ వాక్యం మీదో పుస్తకానిదో మీకే తెలియదు. సిద్ధాంత గ్రంథాలకు 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే ఆరు నెలల్లోగా సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతమైతే ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఉద్యోగానికి సెలవు పెట్టి చేసిన పనిలో ఏడాది పోగొట్టుకోవడం ఎవరికైనా భారమే.

కోర్సు ముగిశాక

చివరి పరీక్ష రాయగానే గ్రంథాలయాన్ని మరిచిపోవడం సహజం. కానీ పట్టా తీసుకునేటప్పుడు గ్రంథాలయం నుంచి నో డ్యూ సర్టిఫికెట్ అడుగుతారు. ఎప్పుడో తీసుకున్న ఒక్క పుస్తకం అటక మీద ఉండిపోతే పని అక్కడే ఆగుతుంది. పుస్తకాలు తిరిగి ఇచ్చిన ప్రతిసారీ కంప్యూటర్‌లో మీ పేరు మీది బాకీ తీసేశారో లేదో కౌంటర్ దగ్గర నిలబడే చూసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే ఆ రసీదు లేకుండా తిరిగి రాబట్టుకోవడం కష్టం కాబట్టి దాన్ని మార్కుల జాబితాలతోపాటు దాచండి. విద్యార్థిగా మీ నమోదు ముగియగానే లాగిన్ కూడా మూతపడుతుంది. అందువల్ల ముందు ముందు చదవాలనుకున్న వ్యాసాలను గడువుకు నెలరోజుల ముందే దించుకొని, పేరు, సంవత్సరం పెట్టి భద్రపరచుకోండి.